పదికి తొమ్మిది

"గా కంపెనీ సారు పెండ్లాం మా బిడ్డను ముట్టద్దు."

నర్సింహమ్మ ఆపరేషన్ థియేటర్ తలుపుకు అడ్డంగా నిలబడి, లోపలికి పోతున్న డాక్టర్ డెబోరా మొహం మీదే ఆ మాట అన్నది. బయటి చెప్పులు విడిచి థియేటర్ చెప్పులు తొడుక్కుంటున్న డెబోరా ఆగిపోయింది. పటాన్‌చెరులోని ఆ నర్సింగ్ హోంలో పిల్లల డాక్టరుగా చేరినప్పటి నుంచి ఆమెను తిట్టినవాళ్ళు లేకపోలేదు. జ్వరం తగ్గలేదని తిట్టారు, సూది గట్టిగా గుచ్చారని తిట్టారు. మొగుడి ఉద్యోగం పేరు చెప్పి తిట్టడం మాత్రం ఇదే మొదలు.

ఆమె భర్త కెల్విన్ గుమ్మడిదల దగ్గరి ఒక మందుల కంపెనీలో పర్యావరణ విభాగం మేనేజరు. నర్సింహమ్మది ఆ కంపెనీ ప్రహరీ గోడకు అవతలి ఊరు. బోరు నీళ్ళు రంగు మారాయని, ఘాటు వాసన కొడుతున్నాయని ఆ ఊరివాళ్ళు కంపెనీ గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళతో మాట్లాడడానికి కంపెనీ పంపే మనిషి కెల్వినే. అందుకే ఊళ్ళో అందరికీ అతని మొహం తెలుసు. అతని భార్య ఇక్కడ పనిచేస్తుందని ఆ పొద్దున్నే ఓపీ వరసలో ఎవరో నర్సింహమ్మ చెవిన వేశారు.

లోపల నర్సింహమ్మ కోడలు నిహారికకు సిజేరియన్ మొదలైంది. కడుపులో బిడ్డ గుండె వేగం తగ్గుతోందని పెద్ద డాక్టరమ్మ అప్పటికప్పుడు కత్తి పట్టుకుంది. ఇంకో పిల్లల డాక్టరును పిలిపించే వ్యవధి లేదు.

"అమ్మా, జెర పక్కకు జరగండి. లోపల బిడ్డ వస్తున్నది," అన్నది డెబోరా.

"వేరే డాక్టరు లేడా?"

"ఇప్పుడైతే నేనే ఉన్న."

నర్సింహమ్మ కదలలేదు. ఆమె కొడుకు మహేష్ వచ్చి తల్లిని రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. లాగుతున్నాడే కానీ అతని చూపు డెబోరా మీదే ఉంది.

"పోండి మేడం. మా బిడ్డకేమన్న అయితె మాత్రం, మీ ఇల్లు మాకెరుకే. కిష్టారెడ్డిపేటల అపార్ట్‌మెంటు గద."

డెబోరా లోపలికి నడిచింది. చేతులు కడుక్కుంది. నర్సు సుకుమారి వెచ్చని దీపం కింద బల్ల మీద గుడ్డలు పరిచి సిద్ధంగా ఉంది. బయటి మాటలు ఆమెకూ వినిపించాయి. 

బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. బూడిద రంగులో, మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చింది. సుకుమారి చేతుల్లోంచి బల్ల మీదికి చేరేసరికి డెబోరాకు తలుపు బయటి మనుషులు, వాళ్ళ మాటలు, ఏవీ గుర్తు లేవు. ఒళ్ళు తుడిచింది, వీపు గట్టిగా రుద్దింది, నోట్లో నీరు తీసింది. బిడ్డ మూతి ముడిచింది. తర్వాత ఒక్కసారిగా గొంతు విప్పి ఏడ్చింది. ఆ ఏడుపుతోపాటే ఛాతీ మీద ఎరుపు మొదలై మెడకూ ముఖానికీ పాకింది.

అప్పుడే పుట్టిన బిడ్డను చూడడానికి డాక్టర్లకు ఐదు గుర్తులున్నాయి. ఊపిరి ఎలా తీస్తోంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, కాళ్ళూచేతులూ ఎంత బిగువుగా ఉన్నాయి, కదిలిస్తే ఎలా స్పందిస్తోంది, ఒంటి రంగు ఏమిటి. ఒక్కోదానికి రెండేసి మార్కులు, మొత్తం పది. పుట్టిన నిమిషానికి ఒకసారి, ఐదు నిమిషాలకు ఇంకోసారి చూస్తారు. ఈ బిడ్డకు మొదటిసారి ఆరు వచ్చాయి. రెండోసారి చూసేసరికి డెబోరా చూపుడు వేలిని పిడికిలితో పట్టుకుని లాగుతోంది. తొమ్మిది. అరచేతులూ అరికాళ్ళూ మాత్రం ఇంకా నీలంగా ఉన్నాయి. రంగుకు ఒక మార్కు తగ్గించింది. నూటికి తొంభై మంది బిడ్డలకు తగ్గించే మార్కే అది.

నిహారిక తెర అవతలి నుంచి నీరసంగా అడిగింది. "మేడం, ఏడిసిందా?"

"ఏడిసింది. బాగుంది."

ఆ మాటే బయటికి వచ్చి మహేష్‌తోనూ చెప్పింది. గుడ్డలో చుట్టిన బిడ్డను సుకుమారి నర్సింహమ్మ చేతుల్లో పెట్టింది. ముసలామె ముందు మొహం చూడలేదు. గుడ్డ విప్పి కాళ్ళు చూసింది, చేతులు చూసింది, వేళ్ళు లెక్కపెట్టింది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మహేషూ, గిట్ల రా. చేతులు సూడు. నీలమున్నయి."

"అది మామూలేనమ్మా. కడుపులోంచి బయటికొచ్చిన బిడ్డకు చేతులూ కాళ్ళూ ఎర్రబడడానికి కొంత టైం పడ్తది. పదికి తొమ్మిది వచ్చినయి. మంచి స్కోరు," అన్నది డెబోరా.

"ఒకటేడ పోయింది?" అన్నాడు మహేష్.

"ఏంది?"

"పదికి తొమ్మిదన్నరు గద. ఆ ఒకటేడ పోయింది మేడం?"

"రంగుకు ఒకటి తగ్గింది. అది అందరికీ..."

"రంగు బాగలేదని మీరే మార్కు కొట్టేసిన్రు. మల్ల మీరే బాగుంది అంటున్రు. మేమేం సదువుకోనోళ్ళం అనుకున్నరా? నేను డిగ్రీ చేసిన. మా బోర్ల నీళ్ళు సూపిస్తె మీ ఆయన గూడ గిదే ముచ్చట చెప్పిండు. మామూలే అన్నడు. రంగు ఉంటది, ఏం గాదు అన్నడు."

డెబోరాకు కోపం వచ్చింది. థియేటర్‌లో ఆమె చేసిన పనికీ కంపెనీ బోరు నీళ్ళకూ ముడిపెట్టడం ఆమె ఓర్చుకోలేకపోయింది. "నేను మీ బిడ్డకు డాక్టర్ని. కంపెనీకి గాదు," అని గట్టిగానే అన్నది. మహేష్ వినలేదు. ఫోను తీసి బిడ్డ చేతుల వైపు పెట్టి వీడియో తీస్తున్నాడు. ఆపమని సుకుమారి అడ్డం పోతే, ఫోను ఇంకొంచెం పైకెత్తి డెబోరా మొహం కూడా అందులో పడేలా తిప్పాడు.

సాయంత్రానికి ఆ వీడియో మండలంలోని ఊళ్ళన్నీ తిరిగింది. కంపెనీ నీళ్ళు తాగిన తల్లికి నీలం బిడ్డ పుట్టిందని, కంపెనీ సారు భార్యే డాక్టరై బాగుందని అబద్ధం చెబుతోందని కింద రాశారు. టెంటులో కూర్చున్నవాళ్ళు కొందరు ఆటోల్లో నర్సింగ్ హోం గేటు దగ్గరికి వచ్చారు. బిడ్డ చేతులు అప్పటికే గులాబీ రంగుకు తిరిగాయి. పైకి వచ్చి చూడమని డెబోరా అడిగింది. ఒక్కరూ రాలేదు. ఎర్రబడడానికి ఏదో సూది వేశారని గేటు దగ్గర ఎవరో అన్నారు. అది చాలు, అందరూ దాన్నే నమ్మారు.

ఇంటికి పోయేసరికి కెల్విన్ సోఫాలో కూర్చుని ఆ వీడియోనే చూస్తున్నాడు. తలెత్తలేదు.

"వాళ్ళకు నువ్వెందుకు మార్కులు చెప్పినవ్? బాగుంది అని ఊకుంటే అయిపోతుండె."

"అడిగితే చెప్పిన. రోజూ చెప్తనే ఉంట."

"మా ఎండీ ఫోన్ చేసిండు. రేపు నువ్వొక లెటర్ రాసియ్యాలె. బిడ్డ ఆరోగ్యంగ ఉంది, నీళ్ళకు దానికి ఏం సంబంధం లేదు అని. నీ సంతకం, స్టాంపు."

"బిడ్డ ఆరోగ్యంగ ఉందని రాయొచ్చు. రెండోది నాకేం తెలుసు? నేను నీళ్ళ డాక్టర్నా?"

"ఎవరి దిక్కున్నవ్ నువ్వు?"

డెబోరా అన్నం పెట్టుకుని వంటింట్లోనే నిలబడి తిన్నది. కెల్విన్ వెనకే వచ్చి ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె కుళాయి తిప్పి కంచం కడుగుతూ ఆ చప్పుడులో అతని మాటలు పోనిచ్చింది.

మరునాడు పొద్దున ఆమె వచ్చేసరికే మహేష్ బిల్లు కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకుంటున్నాడు. భార్యనూ బిడ్డనూ తీసుకుపోతానంటున్నాడు. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయని పెద్ద డాక్టరమ్మ చెప్పినా వినడం లేదు. పంపేముందు బిడ్డను ఒకసారి పూర్తిగా చూడాలని డెబోరా అన్నది. నర్సింహమ్మ బిడ్డను ఇవ్వనన్నది. మంచంలో ఉన్న నిహారిక కల్పించుకుని, "సూడనియ్యి అత్తమ్మా," అన్నాకనే ఇచ్చింది. బిడ్డ వెంటే గదిలోకి వచ్చి, పొరపాటు జరిగితే పట్టుకుందామన్నట్టు బల్ల పక్కనే నిలబడింది.

డెబోరా బిడ్డ కళ్ళు చూసింది, నోట్లో వేలు పెట్టి అంగిలి చూసింది, గుండె విన్నది. తొడల మొదట్లో రెండు వేళ్ళు ఆనించింది. అక్కడ నాడి కొట్టుకోవాలి. చాలాసేపు వెతికితే సన్నగా, ఉందో లేదో అన్నట్టు తగిలింది. చేతి నాడి మాత్రం గట్టిగా ఉంది. ఆక్సిజన్ కొలిచే చిన్న పరికరాన్ని కుడి చేతికి తగిలించింది. అంకె బాగుంది. కాలికి తగిలించింది. తక్కువ చూపించింది. తీసి తుడిచి ఇంకో కాలికి పెట్టింది. అక్కడా అంతే. సుకుమారి చేత ఇంకో పరికరం తెప్పించి పెట్టింది. అది కూడా అదే చెప్పింది.

డెబోరా రెండు అంకెలూ కేసు కాగితం మీద రాసింది.

సుకుమారి ఆమెను మందుల గది వైపు పిలిచి గొంతు తగ్గించి అన్నది. "మేడం, నా మాట విను. వాళ్ళే పోతమంటున్నరు. పోనియ్యి. హైదరాబాద్‌ల ఒకసారి చూపించుకోమని కాయితం మీద రాసిద్దాం. ఇప్పుడు నువ్వు పోయి గుండె జబ్బు అంటే నిన్నెట్ల బతకనిస్తరు? నిన్ననే అబద్ధం చెప్పిందంటున్నరు."

"రాసిస్తే తీస్కపోతరా?"

 ఆ కుటుంబం ఈ గోడలు దాటితే నేరుగా ఇంటికే పోతుందని ఇద్దరికీ తెలుసు. డెబోరా అనుమానపడుతున్నదే నిజమైతే, ఆ పిల్ల ఇంట్లో పాలు తాగుతూ తాగుతూ, చూస్తుండగానే చల్లబడిపోతుంది. నిన్నటి మాట మీద నిలబడి ఊరుకోవడం ఎంత సులువో డెబోరాకు ఆ క్షణంలో అర్థమైంది. అంత సులువుగా ఉన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నిహారిక మంచం దగ్గరికి పోయి, మహేష్‌ను పిలిచి, అందరి ముందే చెప్పింది. గుండె నుంచి ఒంటి కింది సగానికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం ఒకచోట సన్నగా ఉన్నట్టు అనుమానంగా ఉంది. కడుపులో ఉన్నప్పుడు ఉండే ఇంకో చిన్న దారి ఇంకా తెరిచి ఉంది కాబట్టి నిన్న బిడ్డ బాగుంది. ఆ దారి ఇప్పుడు మూసుకుంటోంది. వెంటనే హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్లు చేసేచోటికి తీసుకుపోవాలి. ఆ దారి మూసుకోకుండా మందు ఎక్కిస్తూ తీసుకుపోవాలి.

 మహేష్ మొహంలో మొదట భయం కనిపించింది. అది నిలబడలేదు.

"నిన్న బాగుంది అన్నవ్."

"నిన్న బాగనే ఉండె."

"నిన్న నీలముంది అని మా అమ్మ చెప్పింది. మామూలే అన్నవ్. ఇయ్యాల గుండె జబ్బు అంటున్నవ్. మాకు తెలిసిందాక దాసినవ్."

"నిన్నటి నీలం వేరు, ఇది వేరు. నిన్నటిది అందరు పిల్లలకు ఉంటది. ఇది ఇవ్వాళ పరీక్షలోనే దొరికింది."

"ఎన్ని తీర్ల చెప్తవ్?" మహేష్ మంచం పక్కనున్న ఇనుప స్టూలును కాలితో తన్నాడు. అది పోయి గోడకు కొట్టుకుంది. వార్డులో పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. అతను ఇంకో అడుగు ముందుకు వేశాడు. డెబోరా వెనక్కి జరగలేదు. ధైర్యంతో కాదు, వెనక మంచం తగులుతోంది.

"మీరు నన్ను కొట్టాలంటే తర్వాత కొట్టండి. బిడ్డకు టైం లేదు."

"ఇదంత మా బోరు నీళ్ళతోనే అయింది. అదన్న ఒప్పుకో," అన్నది నర్సింహమ్మ.

"నాకు తెల్వదమ్మా."

"తెల్వదా, చెప్పవా?"

"తెల్వదు."

నిహారిక కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, మంచం పట్టీ పట్టుకుని లేచి కూర్చుంది. నొప్పికి పెదాలు బిగబట్టింది. ఆమె డెబోరా వైపు చూడలేదు, భర్త వైపు చూసింది. "నీళ్ళ పంచాది మల్ల పెట్టుకోండి. ఆంబులెన్స్ పిలువు," అన్నది. ఆ గొంతులో ఏముందో కానీ మహేష్ బయటికి నడిచాడు.

మందు ఎక్కుతున్నప్పుడు బిడ్డ ఊపిరి ఆగే ప్రమాదం ఉంది కాబట్టి వెంట డాక్టరు ఉండాలి. డెబోరా ఆంబులెన్స్ ఎక్కింది. ఎదురుగా నర్సింహమ్మ కూర్చుంది. మహేష్ బండి మీద వెనకాల వస్తున్నాడు. లింగంపల్లి దాటేదాకా ట్రాఫిక్ కదలలేదు. డెబోరా ఒక చేయి బిడ్డ ఛాతీ మీదే ఉంచి, ఊపిరి ఆగినట్టనిపించిన ప్రతిసారీ అరికాలి మీద వేలితో కొట్టింది. అలా కొట్టినప్పుడల్లా నర్సింహమ్మ ముందుకు వంగి ఆమె చెయ్యిని చూసేది.

"నీ మొగడు చెప్పిండా నీకు, మా ఊరోళ్ళతోటి పెట్టిన మీటింగుల ఏమైందో?" అన్నది కొంతసేపటికి.

"ప్రశాంతంగ అయిందని చెప్పిండు."

"నేనే పోయిన గిలాస పట్టుకోని. మా బోర్లకెల్లి నీళ్ళు తీస్కపోయిన. ఏం గాదంటున్నవ్ గద బిడ్డా, ఒక్క గుక్క తాగు, మేం టెంటు పీకేస్తం అన్న. గిలాస దిక్కు సూడలే. ఫోనొచ్చిందని లేసి పోయిండు. నా కోడలు తొమ్మిది నెలలు అవే తాగింది. ట్యాంకర్ వస్తె ట్యాంకర్, రాకపోతె అవే."

డెబోరా తల ఎత్తలేదు. బిడ్డ ఛాతీ లేచి పడుతోంది. దాన్నే చూసింది. ఆ నీళ్ళకూ ఈ గుండెకూ సంబంధం ఉందో లేదో ఆమెకు నిజంగానే తెలియదు. ఇలాంటి గుండెతో పుట్టే పిల్లలు కుళాయి నీళ్ళు తాగే ఇళ్ళల్లోనూ పుడతారు. కానీ కెల్విన్ ఫోను పట్టుకుని లేచిపోయిన తీరు ఆమె కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఇంట్లో జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు అతను చేసే పని అదే.

హైదరాబాద్‌లో పరీక్ష చేసి అనుమానం నిజమేనన్నారు. రెండు రోజుల తర్వాత ఆపరేషన్ అయింది. బిడ్డ బతికింది.

బతికిందన్న కబురుతో గొడవ చల్లారలేదు, ఇంకా పెరిగింది. డెబోరా దగ్గరికి మొదట మహేష్ వచ్చాడు. కంపెనీ నీళ్ళ వల్లే బిడ్డ గుండె చెడిందని రాసిమ్మన్నాడు, కోర్టులో వేస్తామన్నాడు. రాయలేనంది. పుట్టినప్పుడు ఏం చూసిందో, మరునాడు ఏం దొరికిందో, కారణం తనకు తెలియదని, తల్లి తాగిన నీళ్ళను పరీక్ష చేయించడం అవసరమని రాసిచ్చింది. అతను చదివి, మడిచి, ఆమె బల్ల మీదికే విసిరాడు. "ఉప్పు తింటున్నవ్ గద కంపెనీది," అన్నాడు. పోయేటప్పుడు మాత్రం వెనక్కి వచ్చి ఆ కాగితం తీసుకుపోయాడు.

దాని నకలు కంపెనీ చేతికి ఎలా చేరిందో చేరింది. ఆ సాయంత్రం కెల్విన్ తలుపు దబాల్న వేసి లోపలికి వచ్చాడు.

"నీళ్ళు పరీక్ష చేయించాలని రాసినవా? నీకెవరు చెప్పమన్నరు ఆ మాట?"

"మీటింగుల గ్లాసు ఇస్తే నువ్వు తాగలేదట."

"అది వాళ్ళ డ్రామా. కెమెరాలు పెట్టుకోని..."

"తాగినవా లేదా?"

"నేనెందుకు తాగాలె?"

"మరి వాళ్ళెందుకు తాగాలె?"

కెల్విన్ ఆమె వైపు అట్లాగే చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి అతని కళ్ళల్లో ఆమె అంత శత్రుత్వం చూడలేదు. ఆ వారమంతా అతను కంపెనీ గెస్ట్ హౌస్‌లో ఉన్నాడు. తర్వాత తిరిగి వచ్చాడు, కానీ ఇంట్లో అవసరమైన మాటలు తప్ప మరొకటి మిగల్లేదు. ఆదివారం చర్చికి వేర్వేరుగా పోయేవాళ్ళు. అత్తమామలు ఫోను చేసి సర్దుకుపొమ్మన్నది ఆమెకే, కొడుకుకు కాదు. డెబోరా సర్దుకుపోలేదు. కంపెనీ అడిగిన లెటర్ రాయలేదు. ఆ కాగితంలో ఒక్క అక్షరం మార్చలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున ఓపీ గది తలుపు తోసుకుని నర్సింహమ్మ వచ్చింది. చంకలో మనుమరాలుంది. వెనక నిహారిక. పిల్ల బాగా ఒళ్ళు చేసింది. ఛాతీ పక్కన వీపు దాకా సన్నని గాటు మానింది. కిటికీలోంచి చూస్తే మహేష్ రోడ్డు అవతల బండి మీదే కూర్చుని ఉన్నాడు, ఇటు చూడడం లేదు.

"కూసోండమ్మా," అన్నది డెబోరా.

"కూసునేటందుకు రాలె. నీ మీద నమ్మకం పుట్టి రాలె," అన్నది నర్సింహమ్మ నిలబడే. "మా ఊరోళ్ళు వద్దన్నరు. నా కొడుకు గూడ వద్దన్నడు. పట్నంల డాక్టర్లు నెల నెలా దగ్గర్ల ఎవరికన్న సూపియ్యమన్నరు. జబ్బు కనిపెట్టింది నువ్వే. అందుకని తెచ్చిన."

డెబోరా చేతులు కడుక్కుని పిల్లను బల్ల మీద పడుకోబెట్టింది. తొడ మొదట్లో వేళ్ళు ఆనించింది. వెతకాల్సిన పని లేకపోయింది. నాడి వేళ్ళను ఎగరగొడుతోంది. నిహారిక పక్కకు వచ్చి నిలబడితే ఆమె వేళ్ళను తీసి అక్కడే పెట్టింది. నిహారిక కొంచెంసేపు ఊపిరి బిగబట్టి, "కొట్టుకుంటుంది," అన్నది మెల్లగా.

నర్సింహమ్మ అది కూడా చూసింది. మొహం మారలేదు. పిల్లకు గౌను తొడిగి, భుజాన వేసుకుని తలుపు దాకా పోయి ఆగింది.

"మల్ల ఎప్పుడు తేవాలె?"

"వచ్చే నెల."

"నువ్వుంటవా?"

"ఉంట."

ముసలామె మెట్లు దిగి రోడ్డు దాటింది. మహేష్ తల్లినీ భార్యనూ బండి మీద ఎక్కించుకున్నాడు. పిల్ల తలకు ఎండ తగలకుండా నర్సింహమ్మ కొంగు కప్పింది. డెబోరా తర్వాతి పిల్లను లోపలికి పంపమని సుకుమారికి చెప్పింది.